దీవికి వెళ్ళొచ్చాం

రెండో శనివారం.
ఎనిమిదికల్లా బయటపడాలని రాత్రే అనుకున్నాం.
ఎనిమిదికి చంటిది లేచింది.
తొమ్మిదికి మళ్ళీ పడుకుంది.
పదికి జోయెల్ గాడు కొత్త చొక్కా మీద
పాలగ్లాసు బోర్లించుకున్నాడు.
పదీ ముప్పావుకి గుణదలలో ఆటో కదిలింది.
ఆరుగురం, రెండు సంచులు, ఒక స్టీలు క్యారేజీ,
మా అత్తగారి మోకాలు.
దాన్ని విడిగా లెక్కెయ్యాలి,
అది చాపుకునే మేర ఇంకో మనిషి పడతాడు.

భవానీ ద్వీపం, భవానీ ద్వీపం అని
మా ఆయన ఎండాకాలం నించీ ఊరిస్తున్నాడు.
బోటెక్కుతామా? ఎక్కుతాం.
జింకలుంటాయా? ఉంటాయి.
డైనోసార్లు? ఉంటాయి లేరా, కూర్చో.
కంట్రోల్ రూమ్ దగ్గర ట్రాఫిక్‌లో
ఆ దీవికి ఒక రైలు కూడా వేసేశాడు.

ఫ్లైఓవర్ కింద శ్రేష్ఠ
చివరి సీటు కోసం తమ్ముణ్ణి గిచ్చింది.
వాడు దాన్ని కొరికాడు.
నేను చెరో దెబ్బా వేస్తే
ఏ పాపం తెలియని చంటిది ఏడుపందుకుంది.

పున్నమి ఘాట్‌లో టికెట్ల కిటికీకి తాళం.
పక్కన కుర్చీలో కూర్చున్నాయన
పేపరు దించకుండానే చెప్పాడు:
"పైనుంచి నీళ్ళొదిలారమ్మా. బోట్లు ఆపేశారు."
ఎర్రగా, ఎవరి మీదో కోపమొచ్చినట్టు
పోతోంది కృష్ణ.
అవతల, చెయ్యి చాపితే అందేలా,
పచ్చగా దీవి.
ముగ్గురు పిల్లలూ మూడు శ్రుతుల్లో ఎత్తుకున్నారు.
మా ఆయన ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు
దూరంగా వెళ్ళిపోయాడు.
దాంట్లో రీఛార్జి అయిపోయి రెండు రోజులైంది, నాకు తెలుసు.

మెట్ల మీదే దుప్పటి పరిచాం.
పులిహోర, ఉడికించిన గుడ్లు, పెరుగన్నం.
పెరుగన్నం మూత ఆటోలోనే ఊడింది,
సగం నా సంచిలో ఉంది, ఇంటి తాళాల మీద.
ప్రార్థన చెయ్యందే మా అత్తగారు ముద్ద ముట్టదు.
కళ్ళు మూసుకుని ప్రయాణాన్ని దీవించమంది,
రానివాళ్ళని పేరుపేరునా తలుచుకుంది,
గేట్లెత్తిన ఇంజనీర్లని కూడా క్షమించమంది.
ఆమెన్ అనేసరికి ఒక గుడ్డు కాకి పాలు.
కాకి వెనక జోయెల్,
జోయెల్ వెనక నేను.
చివరి మెట్టు దగ్గర
చొక్కా దొరికింది నా చేతికి,
ఎడంకాలి చెప్పు దొరికింది నదికి.

అంతసేపూ గొంతు చించుకున్నవాడు
చప్పున ఊరుకున్నాడు.
చెప్పు అక్కడక్కడే రెండు సుళ్ళు తిరిగి
దారి తెలిసినదానిలా బయల్దేరింది.
"నా చెప్పు బోటైపోయింది" అన్నాడు.
అందరం లేచి నిలబడ్డాం,
మా అత్తగారు కూడా, మోకాలి సంగతి మర్చిపోయి.
కనిపించినంత సేపూ చేతులూపాం, ఎందుకో.

బ్యారేజీ మీదికి పోనిమ్మంది శ్రేష్ఠ,
అది ఏ గేట్లోంచి దూకుతుందో చూడాలట.
డెబ్భై గేట్లు. ఇరవైమూడు దాకా లెక్కపెట్టింది,
అప్పుడు జోయెల్‌కి ఒంటేలొచ్చింది.
ఆపడానికి లేదు, వెనక ఒకటే హారన్లు.
క్యారేజీలో అడుగు గిన్నె ఖాళీగానే ఉంది.
ఆ గిన్నె సంగతి ఇంక మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆదివారం రాత్రి శ్రేష్ఠ తెలుగు నోట్సు తీసింది.
సెలవు రోజు మీద పది వాక్యాలు.
మేము భవానీ ద్వీపం వెళ్ళాము.
జింకలు మా చేతిలో పులిహోర తిన్నాయి.
నానమ్మ పరుగెత్తింది.
నాన్న రైలు నడిపాడు.
తమ్ముడి బోటు అన్నిటికన్నా ముందు వెళ్ళింది.
అమ్మ ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఆగింది.
"ఇంకా నాలుగు కావాలి, చెప్పమ్మా."
ఆ ఆరో వాక్యం మీదే ఉండిపోయాయి నా కళ్ళు.
కడిగినా, తాళాలింకా పెరుగు వాసన వేస్తున్నాయి.
"రాసుకో" అన్నాను.
మేము బోటు దిగేసరికి
తమ్ముడి చెప్పు ముందే వచ్చి
ఒడ్డున కూర్చుని ఉంది.